డేరాలు కుట్టే చోట దొరికిన సహవాసం

వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 18:1-28, రోమా 16:1-16

ఈ పాఠం చదివేముందు బైబిలు తెరిచి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ఒక్కసారి పూర్తిగా చదవండి. 28 వచనాలే, ఐదు నిమిషాలు కూడా పట్టదు.

మస్కట్‌కు కొత్తగా వచ్చిన తెలుగు విశ్వాసికి మొదటి శుక్రవారం ఎలా గడుస్తుందో మనలో చాలామందికి తెలుసు. రువిలోనో ఘాలాలోనో చర్చి కాంపౌండ్ ఎక్కడుందో ఎవరినో అడిగి చేరుకుంటాడు. లోపల ఒక హాల్లో మలయాళం పాట, పక్క హాల్లో తమిళంలో ప్రార్థన, ఇంకోచోట ఇంగ్లీషు. తెలుగు వినబడిన తలుపు దగ్గర ప్రాణం లేచి వస్తుంది. ఆరాధన అయ్యాక నలుగురు చేయి కలుపుతారు. "వందనాలు బ్రదర్, ఏ ఊరు మనది?" అంటారు. వాట్సాప్ గ్రూపులో నంబరు చేరుస్తారు. ఈలోగా తర్వాతి కూడికవాళ్ళు బయట నిలబడి ఉంటారు, హాలు ఖాళీ చేయాలి. బయట ఎండ. ఎవరి బండి వాళ్ళు ఎక్కి వెళ్ళిపోతారు. గ్రూపులో వందల నంబర్లున్నా, ఆ రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అతనికి తెలియదు.

మా కంప్యూటర్ల పనిలో ఒక సంగతి ఉంది. రెండు యంత్రాలు నమ్మకంగా మాట్లాడుకోవాలంటే ముందు వాటి మధ్య మూడు పలకరింపులు జరగాలి. మొదటిది "ఉన్నావా?" అంటుంది. రెండోది "ఉన్నాను, నా మాట నీకు వినబడిందా?" అంటుంది. మొదటిది "వినబడింది" అంటుంది. ఆ మూడో మాట చేరేదాకా కనెక్షన్ కుదిరినట్టు కాదు. మన శుక్రవారం పలకరింపులు చాలావరకు మొదటి మాట దగ్గరే ఆగిపోతాయి. ఆ మూడో మాట దాకా ఎలా వెళ్ళాలో తెలుసుకోవడానికి, కొత్త ఊరికి ఒంటరిగా వచ్చిన ఒక మనిషిని చూద్దాం.

కొరింథుకు వచ్చిన కొత్తవాడు

పౌలు కొరింథులో అడుగుపెట్టేనాటికి ఆయన పక్కన ఎవరూ లేరు. ఫిలిప్పీలో దెబ్బలు తిన్నాడు, చెరసాలలో పడ్డాడు. థెస్సలొనీకనుంచి రాత్రికి రాత్రి పంపించేశారు. బెరయకు కూడా శత్రువులు వెంటబడి వచ్చారు. ఏథెన్సులో కొందరు ఆయన మాట విని నవ్వారు. సీల, తిమోతి ఇంకా మాసిదోనియలోనే ఉన్నారు. ఆ రోజుల్లో తన మనసు ఎలా ఉందో పౌలు దాచుకోలేదు. బలహీనతతో, భయంతో, వణుకుతో మీ దగ్గరికి వచ్చానని తర్వాత కొరింథువారికే రాశాడు (1 కొరింథీ 2:3). అంత గొప్ప అపొస్తలుడికే కొత్త ఊరు భయం పుట్టించిందంటే, ఎయిర్‌పోర్టు దిగి కఫీల్ మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడిన చెల్లి గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించవచ్చు.

కొరింథు ఎలాంటి ఊరు? క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్ మళ్ళీ కట్టించిన పట్నం. అటు ఒక రేవు, ఇటు ఒక రేవు. సరుకు దించేవాళ్ళు, అమ్మేవాళ్ళు, బానిసత్వంనుంచి విడుదలైనవాళ్ళు, ఎక్కడెక్కడినుంచో బతకడానికి వచ్చినవాళ్ళు. ఒక రకంగా గల్ఫ్ పట్నం అనుకోండి. సొంతూరు అదే అని చెప్పగలిగేవాళ్ళకన్నా, "మాది ఫలానా చోటు, పనికోసం వచ్చాం" అనేవాళ్ళు అడుగడుగునా కనిపించే ఊరు.

అక్కడ పౌలుకు దొరికినవాళ్ళు కూడా స్థానికులు కారు. అకుల పుట్టింది నల్లసముద్రం ఒడ్డున పొంతులో. భార్య ప్రిస్కిల్లతో రోమాలో కాపురం. క్లౌదియ చక్రవర్తి యూదులందరూ రోమా విడిచిపోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఈ సంగతి లూకా ఒక్కడే కాదు, రోమా చరిత్రకారుడు సుటోనియస్ కూడా రాశాడు. పండితుల్లో చాలామంది దీన్ని క్రీ.శ. 49 అంటారు. ఒక్క కాగితంతో వీసా రద్దయి, వారంలో ఇల్లు సర్దుకున్న కుటుంబాలు మన సహవాసాల్లో కూడా ఉన్నాయి కాబట్టి ఆ దంపతుల పరిస్థితి మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 3వ వచనం నెమ్మదిగా చదవండి. పౌలు వాళ్ళింట్లో ఎందుకు దిగాడని లూకా చెబుతున్నాడు? వాళ్ళు అప్పటికే విశ్వాసులని చెప్పలేదు. ఒకే ఊరివాళ్ళని చెప్పలేదు. పౌలు గొప్ప బోధకుడని విని వాళ్ళే పిలిచారనీ చెప్పలేదు. వృత్తి ఒకటే, డేరాలు కుట్టే పని. అందుకే కలిసి ఉన్నారు, కలిసి పనిచేశారు. అంతే రాసి లూకా ముందుకు వెళ్ళిపోయాడు. నాకైతే ఆ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైన వచనం ఇదే అనిపిస్తుంది.

సూది చేతిలో ఉన్నప్పుడు

గమలియేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు పౌలు. రోమా పౌరసత్వం ఉన్నవాడు. ఆ రెండూ చెప్పుకుని కొరింథులో పెద్దమనుషుల ఇళ్ళ తలుపు తట్టవచ్చు. కానీ మోటు గుడ్డ, సూది పట్టుకుని పనిబల్ల దగ్గర కూర్చున్నాడు. విశ్రాంతిదినాన సమాజమందిరంలో మాట్లాడేది వారానికొకసారి. మిగతా రోజులు కుట్టుపని. సీల, తిమోతి వచ్చాకే వాక్యం చెప్పడానికి ఎక్కువ సమయం చిక్కింది.

ఎదురెదురుగా కూర్చుని "మీ గురించి చెప్పండి" అంటే మనిషి బిగుసుకుపోతాడు. పక్కపక్కన కూర్చుని పని చేస్తుంటే మాట దానంతటదే వస్తుంది. మా అమ్మవాళ్ళు అరుగుమీద చింతపండు గింజ తీస్తూ చెప్పుకున్న సంగతులు ఏ ప్రార్థన కూడికలోనూ బయటపడి ఉండవు.

కాబట్టి కొత్తగా వచ్చిన మీకు నా మొదటి సలహా ఇది. ఆరాధనకు అరగంట ముందు రండి. కుర్చీలు వేస్తున్నవాళ్ళు, మైకు సరిచేస్తున్నవాళ్ళు, పిల్లలకు బొమ్మలు కత్తిరిస్తున్న సండేస్కూలు టీచర్ ఉంటారు. "నేనేం చేయను?" అని అడగండి. ఆ అరగంటలో కలిసే మనిషి, ఆరాధన తర్వాత చేయి కలిపే 40 మందికన్నా ఎక్కువ గుర్తుంటాడు. నెలరోజులు ఇలా చేసి చూడండి.

మీ చేతిలోని పని కూడా సహవాసానికి తలుపే. మీరు ఆఫీసు ఉద్యోగి అయితే, ఫారాలు నింపడం మీకు లెక్కలోకి రాని పని. జీతం ఆగిపోయిన తమ్ముడికి అదే కొండ. భారత విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్లో ఫిర్యాదు ఎలా నమోదు చేయాలో, రాయబార కార్యాలయం ఓపెన్ హౌస్‌కు ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో, ఇమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వచ్చినవాళ్ళకు ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన పత్రం ఎక్కడ దొరుకుతుందో వెతికిపెట్టడం మీ డేరా పని. చేసేటప్పుడు ఫోను అతని చేతిలోంచి లాక్కోకండి. పక్కన కూర్చుని అతని చేతే నొక్కించండి. లేకపోతే మీరు "సార్" అయిపోతారు. ఆ తర్వాత అతను మీకు నమస్కారం పెడతాడేగాని మనసు విప్పడు.

ఇవ్వడం సులువు, పుచ్చుకోవడం కష్టం

అకుల ఇంట్లో పౌలు ఉన్నాడంటే, వాళ్ళ చాపమీద పడుకున్నాడు, ప్రిస్కిల్ల పెట్టింది తిన్నాడు అనేగా. సమరయలో బావి దగ్గర మన ప్రభువు చేసింది కూడా ఇదే. బోధ మొదలుపెట్టకముందు ఆ స్త్రీని నీళ్ళు అడిగాడు (యోహాను 4:7). దాహంతో ఉన్నవాడిగా ఆమె ముందు కూర్చున్నాడు.

చదువుకుని మంచి జీతాలకు వచ్చిన మనకు ఇవ్వడం బాగానే వస్తుంది. పుచ్చుకోవడానికి మాత్రం మొహమాటం. ఎవరికైనా రుణపడిపోతామేమోనని భయం. కానీ ఎప్పుడూ ఇచ్చే చెయ్యి పైనే ఉంటుంది, అందుకునే చెయ్యి కిందే ఉంటుంది. అలాంటి రెండు చేతులు కలవవు. పదేళ్ళుగా మస్కట్‌లో డ్రైవింగ్ చేస్తున్న అన్నకు ఈ ఊరి సందు సందూ తెలుసు. ఏ క్లినిక్‌లో తక్కువ తీసుకుంటారు, గోంగూర ఏ కొట్లో దొరుకుతుంది, ఏ ఏజెంటు మాట నమ్మకూడదు, అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. అడగండి. ఆయన గదికి భోజనానికి పిలిస్తే వెళ్ళండి. చేపల పులుసు బాగుందని రెండోసారి వేయించుకోండి. మీరు ఎంత పెద్ద కంపెనీలో పనిచేస్తున్నారో ఆ పూట చెప్పకపోయినా ఏమీ కాదు.

మనం అడిగే మొదటి ప్రశ్న

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. కొత్తవాళ్ళు కనబడగానే మన నోట వచ్చే ప్రశ్నలు ఏమిటి? ఏ కంపెనీ? ఏ వీసా? ఏ జిల్లా? ఇండియాలో ఏ చర్చి? ఆ తర్వాత, కొంచెం గొంతు తగ్గించి, "ఇంటిపేరేమిటండీ?" చివరి ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందని అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. సముద్రం దాటి వచ్చాం, దాన్ని మాత్రం సామానుతోపాటు తెచ్చుకున్నాం. గోదావరి జిల్లాలవాళ్ళు ఒక వరుస, కడపవాళ్ళు ఒక వరుస, కరీంనగర్, నిజామాబాద్‌వాళ్ళు ఇంకో వరుస. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., పెంతెకోస్తు, బ్రదరన్ అన్నవి మళ్ళీ వేరు. ముందు కుర్చీల్లో ఇంజనీర్లు, వెనక గోడ పక్కన అరబ్బు ఇళ్ళల్లో పనిచేసే అక్కలు. యాకోబు 2:1-4 చదివి, మన హాల్లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో వచ్చే శుక్రవారం ఒకసారి తల తిప్పి చూడండి.

ఆ ప్రశ్నలన్నీ మనిషిని ఏ అరలో పెట్టాలో తెలుసుకోవడానికే పనికొస్తాయి. వేరే ప్రశ్నలున్నాయి. ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళయింది? ఇంటిదగ్గర ఎవరున్నారు? ఈ వారం మీకోసం ఏ విషయం ప్రార్థన చేయమంటారు? అడగడమే కాదు, విన్నది గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి శుక్రవారం "పోయిన వారం అమ్మగారికి కంటి ఆపరేషన్ అన్నారు, ఎలా ఉందిప్పుడు?" అని అడిగారనుకోండి, పైన నేను చెప్పిన మూడో పలకరింపు అదే. మరిచిపోతామనుకుంటే ఫోన్లో రాసిపెట్టుకోండి. అందులో తప్పేమీ లేదు. రోమా సంఘానికి రాసిన ఉత్తరం చివర పౌలు 20 మందికి పైగా మనుషుల్ని గుర్తుచేసుకున్నాడు. చాలామంది విషయంలో పేరుతో ఆగలేదు, ఏదో ఒక్క సంగతి జోడించాడు. ఒకరు తనతో చెరలో ఉన్నవారు, ఒకరు ఎంతో ప్రయాసపడినవారు, ఒక తల్లి తనకూ తల్లిలాంటిది.

ఒక్కొక్కరికి ఒక్కో గడియారం

ఒమాన్ సమయం మన ఊరి సమయంకన్నా గంటన్నర వెనక. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఇంటిపని చేసే సహోదరి గిన్నెలన్నీ కడిగి తన గదిలోకి వచ్చేసరికి రాత్రి పదిన్నర. ఊళ్ళో పన్నెండు. పిల్లలు నిద్రపోయారు, ముసలి అత్తగారిని లేపలేదు. మనకు సెలవు శుక్రవారం, శనివారం. శుక్రవారం ఇంటిదగ్గర బడి, పొలం పని. వాళ్ళు ఆదివారం మందిరంలో ఉంటే మనం ఇక్కడ డ్యూటీలో ఉంటాం. అంటే ఖాళీ దొరికినప్పుడు అటువైపు మనిషి ఉండడు, అటువైపు మనిషి ఉన్నప్పుడు ఇటువైపు ఖాళీ ఉండదు. ఆ పదిన్నర గంటల వేళ ఆమెకు ఫోన్ చేసేవాళ్ళు ఈ దేశంలోనే ఉన్న ఇంకో సహోదరి అయితే తప్ప వేరే దారి లేదు. సహోదరీలకు సహోదరీలే ఫోన్ చేయడం అన్నివిధాలా మంచిది. పని వేళల్లో చేయకండి, ఆ ఇంటివాళ్ళ దగ్గర ఆమెకు మాట వస్తుంది. శుక్రవారం కూడా సెలవు దొరకనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు సంఘం అంటే ఆ ఒక్క ఫోనే.

అలాగే సైట్లో పనిచేసే తమ్ముళ్ళు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఖాళీయే కదా అని ఆ సమయంలో ఫోన్ చేసి లేపకండి. తెల్లవారకముందే బస్సెక్కినవాళ్ళు వాళ్ళు.

ఇంకో జాగ్రత్త. ఈ దేశంలో మనం ఆరాధించుకోవడానికి స్థలం, స్వేచ్ఛ ఉన్నాయి, అందుకు దేవునికి స్తోత్రం. ఆరాధన కూడికలు అనుమతి ఉన్న స్థలాల్లోనే జరగాలన్న నియమాన్ని గౌరవించండి. ఇంటికి పిలిచి అన్నం పెట్టడం వేరు, ఇంట్లో కూడిక పెట్టడం వేరు. ఎవరికో కష్టం వచ్చిందని తొందరపడి గ్రూపుల్లో డబ్బులు పోగుచేయకండి. అనుమతి లేని విరాళాల సేకరణ ఇక్కడ నేరం. ముందు సంఘ పెద్దలతో మాట్లాడండి.

రెండేళ్ళే కదా!

కొత్తవాళ్ళ నోటా, పాతవాళ్ళ నోటా వినబడే మాట ఒకటుంది. "రెండేళ్ళ అగ్రిమెంటు, ఎవరు ఎప్పుడు వెళ్ళిపోతారో తెలియదు, ఇంత దగ్గరవడం దేనికి?" ఒకరిద్దరు ఆప్తుల్ని ఎయిర్‌పోర్టులో దించి వచ్చినవాళ్ళు ఈ మాట అంటే నేను వాదించను. వాళ్ళ బాధ వాళ్ళది.

అయితే 11వ వచనం చూడండి. పౌలు కొరింథులో స్థిరంగా ఉన్నది ఏడాది ఆరు నెలలు. మన రెండేళ్ళ వీసాకన్నా ఆరు నెలలు తక్కువ. ఆ కాలంలో ఎందరికి బాప్తిస్మం ఇచ్చాడో ఆయనకే సరిగా గుర్తులేదు. క్రిస్పు, గాయియు, స్తెఫను ఇంటివారు అని చెప్పి, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదంటాడు (1 కొరింథీ 1:14-16). ఈ వచనం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ధైర్యమూ వస్తుంది. అందరితోనూ దగ్గరవడం పౌలువల్లే కాలేదు. కానీ ఆ కొద్దిమంది సంగతి చూడండి. అకుల, ప్రిస్కిల్ల ఆయనతోపాటు ఓడెక్కి ఎఫెసు వెళ్ళారు. అక్కడ అపొల్లోను ఇంటికి పిలిచి, అతనికి తెలియనిది నేర్పారు. అందరిముందూ తప్పుపట్టలేదు. వాళ్ళ ఇల్లే సంఘం కూడుకునే చోటైంది. పౌలు ప్రాణం కోసం తమ మెడలు ఒడ్డారు. ఆయన చివరి ఉత్తరంగా భావించే 2 తిమోతిలోనూ వాళ్ళకు వందనాలున్నాయి. డేరా బట్ట దగ్గర మొదలైన పరిచయం ఆయన జీవితాంతం నిలిచింది.

మన మస్కట్ నేలమీద కూడా ఇలాంటి కథ ఉంది. అమెరికానుంచి వచ్చిన డాక్టర్ షారన్ థామ్స్ 1913లో ఇక్కడ టెలిఫోన్ తీగ లాగుతూ స్తంభంమీదనుంచి పడి చనిపోయాడు. మనుషుల మధ్య మాట కలపబోయి ప్రాణం పోగొట్టుకున్నాడన్నమాట. ఆయన కొడుకు వెల్స్ థామ్స్ కూడా డాక్టరై 1939లో మత్రాకు వచ్చాడు. 1970 దాకా ఈ దేశస్థులకు వైద్యం చేశాడు. ఒకరికి కొద్ది సంవత్సరాలు, ఇంకొకరికి 30 ఏళ్ళు. గడువు ఎవరి చేతిలోనూ లేదు.

పాతవాళ్ళకు రెండు మాటలు

కొత్తవాళ్ళు ఎంత ముందుకొచ్చినా, లోపలినుంచి ఒక చెయ్యి రావాలి. యెరూషలేములో శిష్యులంతా సౌలును చూసి భయపడ్డప్పుడు బర్నబా అతన్ని పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళాడు (అపొస్తలుల కార్యములు 9:26-27). ప్రతి శుక్రవారం ఒక్క కొత్త మనిషిని ఇంకొక్క మనిషికి పరిచయం చేయండి చాలు. స్టేజీమీద నిలబెట్టి పేరు చెప్పించడం పరిచయం కాదు. సిగ్గరులకు అది శిక్ష.

మీ సహవాసంనుంచి ఎవరైనా వెళ్ళిపోతున్నప్పుడు ఫీబేను గుర్తుచేసుకోండి. ఆమెది కెంక్రేయ, అంటే కొరింథుకు తూర్పువైపు రేవు. ఆమె రోమాకు వెళ్తుంటే, పౌలు ముందుగానే అక్కడివాళ్ళకు రాశాడు. ఆమె ఎవరో చెప్పాడు, ఎందరికి ఎలా సాయపడిందో చెప్పాడు, ఆమెకు ఏది అవసరమైతే అందులో తోడ్పడమని అడిగాడు (రోమా 16:1-2). కొత్త ఊళ్ళో ఫీబే ఎవరికీ తెలియని మనిషిగా దిగలేదు.

ఈ నెలలో మీ దగ్గరనుంచి ఎవరైనా సలాలాకో, సోహార్‌కో, దోహాకో, లేదా తిరిగి రాజమండ్రికో వెళ్తుంటే వీడ్కోలు కేకు కోసి ఊరుకోకండి. అక్కడ మీకు తెలిసిన ఒక్క విశ్వాసికి ఫోన్ చేయండి. "మా అక్క ఒకరు వచ్చే శుక్రవారం మీ కూడికకు వస్తారు. ఆరేళ్ళుగా మా పిల్లలకు పాటలు నేర్పారు. నలుగురిలో పెద్దగా మాట్లాడరు, మీరే ముందు పలకరించాలి. మోకాళ్ళ నొప్పి ఉంది, మీ హాలు మేడమీద అయితే ఎవరైనా కిందికి దిగి తీసుకురండి" అని చెప్పండి.